శవం కంట్లో నీళ్ళు

నవంబరు 9, 2014
ఆదివారం
(ఊరి పేరు కావాలనే రాయలేదు. చివరిదాకా చదివితే తెలుస్తుంది.)

నా బెనిల్డాకి,

నీ కండెలారియా రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను చచ్చిపోయి కులాసాగా ఉన్నాను. అక్కడ నువ్వు బతికి కులాసాగా ఉన్నావనీ, నీ మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గిందనీ, చర్చిలో నీ దగ్గర పాట నేర్చుకునే పిల్లలు ఇంకా నిన్ను చూసి హడలిపోతూనే ఉన్నారనీ తలుస్తాను.

దీన్ని చించెయ్యకు. ఇంతకు ముందు రాసిన వాటికి నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు, సరే. ఇది మాత్రం చచ్చినదాని ఉత్తరం. చచ్చినవాళ్ళ మీద అలగడం నీకే బాగుండదు.

ఆరేళ్ళ కిందట, మన నాటక సమాజం ఆఖరి ఆట అయిన రోజు, నువ్వు మొహాన రంగు కూడా కడుక్కోకుండా బట్టలపెట్టె మీద కూర్చుని అన్న మాట నాకింకా చెవుల్లోనే ఉంది. "నువ్వు బతికుండగా నీ మొహం చూడను. చచ్చావని తెలిస్తే అప్పుడొస్తా. ఒక్కసారి చూసి పోతా." నేను టీవీ వాళ్ళకి ఒప్పుకున్నందుకు అంత కోపం నీకు. ఆ టీవీ రక్తపిశాచాలకి అమ్ముడుపోయావన్నావు. నేనూరుకుంటానా, నువ్వు తెరతాడుకి పట్టిన బూజువన్నాను. నలభై ఏళ్ళు ఒకే అద్దం ముందు భుజం భుజం రాసుకుంటూ రంగు వేసుకున్న ఇద్దరు ఆడవాళ్ళు అక్కడితో విడిపోయారు. నీ మొండితనం నీకు, నా మొండితనం నాకు దక్కాయి. నాకు మాత్రం ఆ తర్వాత ఏ అద్దం ముందు కూర్చున్నా పక్కన ఖాళీగానే ఉంది, బెనిల్. ఆ ఖాళీ పోవాలనే ఇదంతా రాస్తున్నాను.

ఇక సంగతులు. నువ్వు మా సీరియల్ చూసి ఉండవు. చూసినా ఒప్పుకోవు. అందుకని నేనే చెప్తాను. పేరు 'గడప అవతల'. డాన్ సెవెరినో అని మూడొందల ఏళ్ళ రక్తపిశాచి. పీలా ఊళ్ళో ఒకప్పుడు తనదైన రాతి ఇంటికి తిరిగొస్తాడు. ఇప్పుడు ఆ ఇంట్లో లోలా ఇమాంగ్ అనే ముసలమ్మ ఉంటుంది. అది నేను. ఇంట్లోవాళ్ళు నోరారా పిలిస్తే తప్ప అతను గడప దాటలేడు. పాపం రోజూ సాయంత్రం వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, తియ్యగా మాట్లాడుతూ గుమ్మంలో నిలబడతాడు. నేను అతనితో ఊళ్ళో సంగతులన్నీ మాట్లాడతాను. మంచు పడుతోంది స్వెట్టర్ వేసుకోమంటాను. కిటికీలోంచి కొబ్బరి చల్లిన బియ్యప్పిండి రొట్టె అందిస్తాను. "లోపలికి రా" అని మాత్రం అనను. రెండేళ్ళుగా సీరియల్ నడిచిందంతా ఆ ఒక్క మాట మీదే.

సెవెరినోగా వేసే కుర్రాడి పేరు ఆడ్రిక్. మంచివాడు, అందగాడు, తిండిపోతు. పొద్దున్నే వెల్లుల్లి అన్నం రెండు పళ్ళేలు లాగించి వచ్చి గుమ్మంలో నా మొహం మీదే మాట్లాడేవాడు. వెల్లుల్లికి భయపడాల్సినవాడివి నువ్వా నేనా అని రోజూ తిట్టేదాన్ని. వాడు నవ్వితే కోరలు ఊడి కింద పడేవి.

సెప్టెంబరులో మా డైరెక్టర్ జెనారో నన్ను పక్కకి పిలిచాడు. ముందు పుల్లకి గుచ్చి వేయించిన తీపి అరటిపండు ఒకటి చేతిలో పెట్టాడు. అప్పుడే అర్థమైంది ఏదో చెడ్డ కబురని. చూసేవాళ్ళు తగ్గిపోతున్నారట, క్రిస్మస్ లోపు సీరియల్ ఆపెయ్యమని చానెల్ వాళ్ళు అంటున్నారట, లోలా ఇమాంగ్‌ని చంపితే జనం ఏడుస్తారేమోనని చివరి ఆశట. అరటిపండు పూర్తిగా తినేశాను. తర్వాత, శవంగా నేనే వేస్తాను, మైనపు బొమ్మని పడుకోబెడితే ఒప్పుకోను అన్నాను. చావడం కూడా వేషమే కదా, దాన్ని ఇంకొకరికి ఎందుకు వదలాలి?

రాసిచ్చిన కథలో, ఇంట్లో శవ జాగారం జరుగుతుంటే సెవెరినో వీధిలోనే నిలబడి ఏడవాలి. పిలిచే మనిషి పోయింది కదా, ఇక ఎప్పటికీ లోపలికి రాలేడని. అందరం గుండ్రంగా కూర్చుని చదువుకుంటున్నాం. ఆడ్రిక్ అమాయకంగా అడిగాడు, జాగారం ఇంట్లోకి నన్ను ఎవరు పిలవాలి డైరెక్టర్ అని. అందరూ ఘొల్లున నవ్వారు. చావింటికి పిలుపేమిట్రా, తలుపు తీసే ఉంటుంది, ఎవరైనా రావచ్చు, ఎవర్నీ ఎవరూ రమ్మనరు అన్నారు. అంటూనే ఒక్కొక్కళ్ళూ నవ్వు ఆపేశారు. జెనారో ఆ కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని కొత్తగా రాద్దామన్నాడు.

మాది సాయంత్రాల కథే గాని షూటింగ్ మాత్రం మిట్టమధ్యాహ్నం. కిటికీలకి నల్లగుడ్డలు కట్టి, చప్పుడు వస్తుందని ఫ్యాన్లు ఆపేసి, దీపాలు పెట్టి నన్ను పెట్టెలో పడుకోబెట్టారు. బట్టలు చూసే సెలింగ్ నాకు తెల్ల అనాస నార పైట కప్పి, జపమాల వేళ్ళకి చుట్టి, తుమ్మావంటే చంపుతానంది. చచ్చినదాన్ని ఇంకేం చంపుతావన్నాను. చుట్టుపక్కల ఊళ్ళలో నల్లబట్టలు ఉన్నవాళ్ళు ఎవరైనా రావచ్చని ముందే చాటించారు కాబట్టి ఆడవాళ్ళు చాలామందే వచ్చారు. పేకాట బల్ల వేశారు. అల్లం కషాయం, బిస్కట్లు పెట్టారు. కాసేపటికి అది షూటింగన్న సంగతి సగంమంది మర్చిపోయి నిజంగానే పేకాడుకున్నారు.

సెవెరినో గుమ్మం దగ్గరికి వచ్చాడు. అలవాటుగా టోపీ తీసి ఆగాడు. పిలుపు కోసం చూశాడు. ఎవరూ తలెత్తలేదు. అప్పుడు కాలు మెల్లగా లోపల పెట్టాడు. ఏమీ కాలేదు. అతనెవరో ఊరందరికీ తెలుసు, అయినా ఎవరూ లేవలేదు, అరవలేదు. పేకాడుతున్న ఒక ముసలాయన బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చి, అతనికీ ముక్కలు పంచాడు. మూడొందల ఏళ్ళలో అతన్ని ఒక ఇంట్లో కూర్చోబెట్టింది ఆ ముసలాయనే. అతను చేతిలో పేకముక్కలు పట్టుకుని నావైపు చూస్తూ ఉండిపోయాడు. ఎవర్నీ కొరకలేదు. చివరికి లేచి వెళ్ళిపోతుంటే ఎవరూ సాగనంపలేదు, వెళ్ళొస్తానని అతనూ అనలేదు. జాగారం ఇంట్లో అనకూడదు కదా. ఇదంతా నేను తర్వాత టీవీలో చూశాను. ఆ వేళ నాకు వినిపించింది పేకముక్కల చప్పుడూ, ఆడ్రిక్ ముక్కు ఎగబీల్చడమూ మాత్రమే.

ఈ మధ్యలోనే ఒక సంగతి జరిగింది. ఆడవాళ్ళు వరసగా వచ్చి నన్ను చూసి పోవాలి. అంతే, ముట్టుకోవద్దని చెప్పారు. వాళ్ళలో నల్ల ముసుగు వేసుకున్న ఒకావిడ మాత్రం ఆగింది. గడ్డం కింద రుమాలు పట్టుకుంది, కన్నీళ్ళు పెట్టెలో పడితే మంచిది కాదంటారు కదా, అందుకు. వంగి నా పైట అంచు సరిచేసింది. బొటనవేలు నాలుకకి అద్దుకుని నా పెదవి చివర చెదిరిన రంగు తుడిచింది. తుడిచి వెళ్ళిపోయింది. ఆ వెంటనే నా ఎడమ కంటి చివర్నుంచి ఒక నీటిబొట్టు బయల్దేరి, చెంప మీదుగా చెవిలోకి పోయింది. నేను శవాన్ని. తుడుచుకోలేను.

జెనారో ఆపమనలేదు. అందరూ వెళ్ళిపోయాక కూడా కెమెరా తిరుగుతూనే ఉంది. పెట్టెలోంచి లేచాక ఎందుకలా అయిందని అడిగాడు. దీపాల వేడికి చెమట అన్నాను. చెమట కంట్లోంచి రాదు కదా అని సెలింగ్ సణిగింది. నీ పని నువ్వు చూసుకోమన్నాను.

ఉత్తుత్తి చావే అయినా ఎవర్నీ తిన్నగా ఇంటికి పోనివ్వలేదు సెలింగ్. చావింటి నుంచి వెళ్ళేవాళ్ళు దారిలో ఎక్కడైనా ఆగి దులుపుకోకపోతే పోయినవాళ్ళు వెంటబడి ఇంటికి వచ్చేస్తారు, ఆ తర్వాత నన్ననొద్దు అంది. అందరం వీధి చివర గంజి కొట్టుకి బయల్దేరాం. అక్కడ ఇంకో తగువు. శవమే వెంట వస్తుంటే ఇక దులుపుకోవడమేమిటని కుర్రాళ్ళు వాదించారు. చివరికి నన్నొక్కదాన్ని వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టి, కోడిగుడ్డు వేసిన గంజి నాకు ముందుగా పెట్టి, నావైపు చూడకుండా తిన్నారు. అంత మర్యాద నాకు బతికుండగా జరగలేదు. లెక్కకి అందరూ వచ్చారు. ఆ నల్ల ముసుగావిడ ఒక్కతే షూటింగ్ వాళ్ళిచ్చే అన్నం పొట్లం కూడా తీసుకోకుండా జీప్నీ బండి ఎక్కి పోయిందట.

అక్టోబరు ఆఖరి శుక్రవారం నాడు అది టీవీలో వచ్చింది. మర్నాడు సమాధుల పండగ. నేను మా ఆయన సమాధికి కొవ్వొత్తులు పట్టుకుని వెళ్తే, నన్ను చూసి ఇద్దరు ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకున్నారు. ఒకావిడ పక్క సమాధి మీంచి లేచొచ్చి, లోలా ఇమాంగ్ చచ్చిపోయాక ఎందుకేడ్చిందో చెప్పమని నా చెయ్యి పట్టుకుంది. బజారులో చేపలమ్మే మనిషి అదే అడిగింది. మా ఫాదరైతే ప్రసంగం మధ్యలో దాన్ని తెచ్చాడు. సెవెరినోని ఏనాడూ లోపలికి పిలవలేదని బాధపడి ఏడ్చిందని కొందరు. కాదు, అతను ఎప్పుడో కొరికేశాడు, ముసలామె పిశాచమవుతోంది, అందుకే కన్ను తడిసిందని ఇంకొందరు. ఇళ్ళలో తగువులాడుకుంటున్నారు, బెనిల్. నలభై ఏళ్ళు మనం గొంతులు చించుకున్నా ఇంత పేరు రాలేదు. ఒక్క బొట్టుకి వచ్చింది.

మొన్న మంగళవారం చానెల్ నుంచి కబురొచ్చింది. సీరియల్ ఆపడం లేదు. లోలా ఇమాంగ్ లేస్తోంది. పిశాచమై లేస్తోంది. అంతా తన ఆలోచనేనని జెనారో పత్రికల వాళ్ళకి చెప్తున్నాడు, చెప్పుకోనీ. నాకు కోరలు కుట్టించారు, అంటే పళ్ళ డాక్టర్ దగ్గర కొలతలు తీసి చేయించారు. ఈ వయసులో పళ్ళు ఊడాల్సిందిపోయి కొత్తవి మొలిచాయి. పెట్టుకుని పాట పాడితే మాత్రం ఈల వస్తోంది. నువ్వుంటే నవ్వి చచ్చేదానివి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను బతికుండగా మొహం చూడనని కదా నీ ఒట్టు. నేనిప్పుడు బతికి లేను, పూర్తిగా చావనూ లేదు. కావలిస్తే ఏ టీవీ కొట్టు దగ్గరైనా అడుగు, దేశమంతా చెప్తుంది. కాబట్టి నీ ఒట్టు ఇక నా జోలికి రాదు. దేవుడి దగ్గర నువ్వు మాట తప్పినట్టు కాదు, నా దగ్గర ఓడిపోయినట్టూ కాదు. నీకు ఇంతకంటే మంచి దారి నేను చూపించలేను.

నీ మోకాళ్ళకి పుదీనా నూనె రాయడం మానకు. పిల్లల్ని కాస్త తక్కువ తిట్టు.

చచ్చినా నిన్ను వదలని,
కండెలారియా

తా.క.: చెమట అని అందరికీ చెప్పాను. నిజం నీకొక్కదానికే చెప్తున్నాను. కళ్ళు మూసుకున్నా ఆ వేలు నాకు తెలుసు. నలభై ఏళ్ళు తెర లేచే ముందు ప్రతిసారీ నాలుకకి అద్దుకుని నా పెదవి చివర రంగు తుడిచిన వేలు అది. పుదీనా నూనె వాసన కూడా వేసింది. అన్నమాట ప్రకారం నేను చచ్చాక చూడ్డానికొచ్చావు. నేను లేవలేదు, నిన్ను పిలవలేదు. జాగారానికి వచ్చినవాళ్ళని సాగనంపకూడదని ఊరుకున్నాను గాని, లోపల నా ప్రాణం నీ వెనకే గుమ్మం దాకా వచ్చింది.

కానీ ఒక్క తప్పు చేశావు బెనిల్. గంజి కొట్టు దగ్గర ఆగలేదు. నల్లబట్టలతో తిన్నగా నగ్‌కార్లాన్ జీప్నీ ఎక్కేశావని సెలింగ్ చెప్పింది. దులుపుకోకుండా ఇంటికి పోతే ఏమవుతుందో నీకు తెలియదా? చచ్చినది వెంటబడి వస్తుంది.

వచ్చాను. పైన రాయని ఊరు నగ్‌కార్లానే. మీ ఇంటి ఎదుట బేకరీలో కూర్చుని పొద్దుట్నుంచీ ఇదంతా రాశాను. శృతి తప్పినందుకు ఇందాక ఎవర్నో తిట్టావు, ఇక్కడిదాకా వినబడింది, చెవికి ఎంత హాయిగా ఉందో. ఈ ఉత్తరానికి స్టాంపు లేదు, తలుపు కిందనుంచి నేనే తోశాను. అరటాకులో నీకిష్టమైన గేదెపాల చీజు తెచ్చాను, ఎండకి కరిగిపోతోంది.

మీ ఇంట్లో జాగారమేమీ లేదు కనక ఊరికే నడిచి రాలేను. గుమ్మం బయట నిలబడి ఉన్నాను. ఆ ఒక్క మాట అను.