ఎత్తెక్కని బండి

మోత్కూర్, 4-11-2019

తమ్ముడు సాయిలుకు అక్క యాదలక్ష్మి దీవెనలు. మెకానిక్ షెడ్డు మోతకు నీ చెవులు పోయాయి కనుక ఫోను మాని ఉత్తరం రాస్తున్నాను. కారు ఎత్తెక్కడం లేదు. మా అమ్మాయి వర్షిత ఎంత తొక్కినా నల్లపొగ కక్కుతూ ఆయాసపడుతోంది. మీ బావ సంగతీ అంతే. ఆయన్ను నల్గొండ దవాఖానకు తీసుకుపోవాలి, దారిలో గుట్ట ఉంది. స్వామికి మొక్కుకున్నాను. పాపం, మీ బావ రోజూ బానెట్ ఎత్తి నీళ్లు చూస్తూనే ఉన్నారు.
నీ అక్క.
తా.క.: టర్బో పోయిందని ఇక్కడి మేస్త్రీ అంటున్నాడు. అదేమిటి?

మక్తల్, 9-11-2019

అక్కకు సాయిలు దండాలు. ఇంజన్ వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు ఉన్న రెండో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ కాలి బలం వస్తుంది. అదే టర్బో. సూపర్‌చార్జర్ అని ఇంకొకటుంది. దానికి పొగతో పని లేదు, ఇంజనే బెల్టుతో తిప్పుతుంది.
నీ సాయిలు.
తా.క.: బావను బీడీ ముట్టనీయకు.

మోత్కూర్, 14-11-2019

తమ్ముడికి దీవెనలు, కానీ ఎంత పని చేశావు! నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. రెండు నెలల కింద మానేశానన్న మనిషి వాకిట్లో కూర్చుని బీడీ వెలిగించారు. "పొగతోనే బలమొస్తదని నీ తమ్ముడే రాసిండు గదనే. నా లోపల టర్బో తిరుగుతాంది, జర ఊకో" అన్నారు. తర్వాత గంటసేపు దగ్గారు. ఆ బీడీలు ఎక్కడ దాచారో! బియ్యం డబ్బా వెతికాను, తలదిండు విప్పాను, దొరకలేదు.
దిగులుతో, అక్క.
తా.క.: నీ తా.క. చదివేసరికి ఆయనకూ చెవులు పోయాయి.

మక్తల్, 18-11-2019

అక్కా, దండాలు. పొగ ఇంజన్ లోపలికి పోదని బావకు చెప్పు. చక్రం తిప్పి సైలెన్సర్ నుంచి బయటికే పోతుంది. లోపలికి పోయేది మంచి గాలి. అది అందకపోతే టర్బో ఉన్నా దండగే. బానెట్ కింద గాలి వడపోసే నల్ల డబ్బా ఉంటుంది. క్లిప్పులు తీసి చూడు.
సాయిలు.
తా.క.: ఆలస్యం చేయకు. బండికైతే సామాను దొరుకుతుంది.

నల్గొండ దవాఖాన, 23-11-2019

తమ్ముడూ, దీవెనలు. డబ్బా తెరిచాను. గాలి వచ్చే దారికి అడ్డంగా మూడు బీడీ కట్టలు! రోజూ నీళ్లు చూసింది ఇందుకన్నమాట. అవి తీయగానే కారు గుట్టను ఒక్క ఊపున ఎక్కింది. వెనక సీట్లో ఆయనకే ఊపిరి అందలేదు. ఒక ఊపిరితిత్తి ఇక పనిచేయదని డాక్టరు చెప్పాడు. ముఖానికి గాలి మాస్కు పెట్టారు. దాన్ని కాస్త జరిపి, "గిది సూపర్‌చార్జరే, పొగతోని పనిలేదు" అన్నారు. నవ్వబోయి ఇద్దరం ఏడ్చాం.
నీ అక్క, యాదలక్ష్మి.
తా.క.: ఆ కట్టలు పారేయలేదు. దేవుడి గూట్లో స్వామి ముందు పెట్టి వచ్చాను. ఆయన ఇంటికొచ్చి తన చేత్తోనే పారేయాలి.