మా గుమ్మంలో బియ్యం మూట

పేట పెద్ద వార్సితో గారికి,

నిన్న వీధంతా చూస్తుండగా మా గుమ్మంలో బియ్యం మూట దించి వెళ్లారు. వెనకే వచ్చిన మీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "తిండికి లేకపోతే ఒక్క మాట చెప్పకూడదుటమ్మా? పుల్లలా అయిపోయావు!" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మా ఆయన తల ఎత్తలేక పెరటి దారిన బయటికి పోయాడు.

అయ్యా, మాకు లేక కాదు. మోకాళ్లు బరువు మొయ్యలేకపోతుంటే నేనే కావాలని తగ్గాను. వేపుళ్లూ, తీపి టీ మానేశాను. పొద్దున ఉడికించిన చిలగడదుంప, మధ్యాహ్నం ఆకుకూరతో టెంపే, అదే పులియబెట్టిన సోయా గింజల అచ్చు, సాయంత్రం బొప్పాయి ముక్కలు. ఈ జావా దీవిలో అన్నం తినకపోతే ఏమీ తిననట్టేనా? దుంప తిన్నవాళ్లందరూ కరువులో ఉన్నట్టేనా? ఇప్పుడు వీధిలో అందరూ మా ఆయన్ని పెళ్లానికి తిండి పెట్టనివాడంటున్నారు. ఆ పాపం ఎవరిది?

మూట తిప్పి పంపుతున్నాను. పక్కింటి సారినెమ్ అత్తకు ఇద్దామనుకున్నాను గానీ, ఆవిడ ఇంట్లో ఉన్నవి బియ్యం ఒక్కటే. మూడు పూటలా అన్నంలో మిరపకాయ నూరుకునో, నూడుల్స్ కలుపుకునో తింటుంది. ఇంకేదీ కొనే స్తోమత లేదు. ఆవిణ్ణి చూసి మీ ఆవిడ, "నీకేం అత్తా, నిండుగా ఉన్నావు!" అని నవ్వి వెళ్లిపోయారు.

ఆవిడకి గుడ్లూ కూరగాయలూ పంపండి. ఈసారి మాత్రం పెరటి దారిన.

ఇట్లు,
మీ పేటలో కడుపు నిండా తింటున్న మనిషి