మగ్గం గదిలో పరుగు

మార్చి 9
మోకాలు చీరుకుపోయింది. పత్తిమిల్లు గేటు దగ్గర రెండు కుక్కలు వెంటపడ్డాయి. మేరీ రాయి పట్టుకుని నిలబడింది, నేను పరిగెత్తి పడ్డాను. రక్తం కొంచెమే.
ఆయన వరండాలో ఉన్నాడు. “ఏమైంది?” “పడినాను.” “యాడ?” “రోడ్డు మీద. కుక్కలు తరిమినాయి.” అంతే.
“పసుపు పెట్టుకో సుజాతక్కా” అని మేరీ మా ఇంటి గేటు బయటినుంచే చెప్పి వెళ్ళిపోయింది.

మార్చి 10
స్టాఫ్ రూములో మేరీ — “కుక్కలకు నీ మీద కోపం గాదక్కా. ఎవురు పరిగెత్తినా ఓర్వలేవు అవి.” నా కారేజీలో పప్పు సగం తనే తినేసింది. ఆటల టీచరుకి ఆకలి ఎక్కువ.
జులైలో ఆదోనిలో పరుగు. పది కిలోమీటర్లు. ఇద్దరం పేర్లిచ్చాం. లెక్కల టీచరుకి ఇదేం పిచ్చి అని హెడ్మాస్టరు నవ్వు.

మార్చి 17
బడి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు ట్రాలీ ఆటో. అందులో ట్రెడ్‌మిల్. ఆదోనిలో ఏదో జిమ్ము మూసేశారట, ఆయన పోయి తెచ్చాడు. నలుగురు మోసి మగ్గం గదిలో పెట్టారు. రెండో మగ్గం తీసేశాక, కాళ్ళు పెట్టుకునే దాని గుంత మీద బండలు పరిచాం కదా, అక్కడ.
ఆయన ముఖం వెలిగిపోతోంది. “ఇంగ కుక్కల్లేవు, లారీల్లేవు. ఎండ గూడా లేదు.”
నన్నొక మాట అడగలేదు. అయినా తెచ్చింది నా కోసమే. “బాగుండాది” అన్నాను.

మార్చి 18
ఎదురుగా గోడ. ఎంత పరిగెత్తినా అదే గోడ. దిగాక నేల ముందుకు జరుగుతున్నట్టు… కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను.
“తల తిరుగుతాందేమ్మా?” — అత్త, వాకిట్లోంచి.

మార్చి 24
మిషను సంగతి చెబితే మేరీ నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. “మంచిదే. వారంలో రెండు దినాలు దాని మీద, మిగతావి రోడ్డు మీద. రోడ్డు మీద అలిసిపోతే నువ్వు మెల్లగైపోతావు, అది కానియ్యదు. ముందర రవ్వంత ఎత్తు పెట్టుకో. గదిలో ఎదురుగాలి ఉండదు గదా, దానికి బదులు.”
సరే. రెండు దినాలు.

ఏప్రిల్ 5
కాలువ గట్టు మీద మొదటిసారి మేరీ నా వెనక. ఊపిరి చివరిదాకా నిలిచింది. మిషను పుణ్యమే. “చూడు, చూడు, లెక్కల టీచరు!” అని వెనకనుంచి అరుపులు.

ఏప్రిల్ 19
ఎమ్మిగనూరు పొద్దు పొడవకముందే కాలుతోంది. రెండు దినాలు కాస్తా నాలుగయ్యాయి. ఆయన టేబుల్ ఫ్యాను తెచ్చి నావైపు తిప్పి పెట్టాడు. తనకు వద్దట. గాలికి పోగులు కదులుతాయట.
ఆయన నేస్తుంటాడు, నేను పరిగెత్తుతుంటాను. ఒకే గదిలో రెండు చప్పుళ్ళు. మాట్లాడుకోం. బాగానే ఉంది.

ఏప్రిల్ 27
మేరీ ఫోను. “రేపు వస్తావా?” “ఎండ గదా మేరీ…” “సరేలే అక్కా.”

మే 6
నడుమ కరెంటు పోయింది. మిషను పట్టా ఆగింది, నేను ఆగలేదు. ఛాతీ కమ్మీకి కొట్టుకుంది.

మే 11
అన్నం తింటూ ఆయన — “మేరీని గూడా ఈడికే రమ్మనొచ్చు గదా. మార్చి మార్చి పరిగెత్తండి.”
పొయ్యి దగ్గర అత్త గిన్నె దించిన చప్పుడు. ఆయనే నూలు ధర ఎత్తుకున్నాడు.
మేరీ ఏ కులమో, ఏ చర్చికి పోతుందో మా వీధికంతా తెలుసు. నాలుగేళ్ళుగా కలిసి పరిగెత్తుతున్నాం. బడిలో ఒకే కారేజీ. ఇక్కడ మాత్రం గేటు. నేను లోపలికి పిలవలేదు, ఆమె రాలేదు. దాహమేస్తే అక్కడే నిలబడి తాగుతుంది. ఏ గ్లాసులో ఇవ్వాలో అత్త చూసుకుంటుంది.

మే 12
పరుగు లేదు.

మే 15
కాలువ గట్టు. చాలా రోజులకు నేల మీద. పిక్కలు పట్టేశాయి. మేరీ నాకోసం మెల్లగా పరిగెత్తింది.
“మా ఇంటికి రా. మిషను మీద నువ్వు గూడా…”
మేరీ ఆగలేదు. “మీ ఆయన పిలుస్తాండాడా, మీ అత్త పిలుస్తాందా?”
“నేను పిలుస్తాండాను.”
“రోడ్డు మీద పిలిచేది సులభమక్కా.”
కొంచెం దూరం పోయాక తనే — “మా అమ్మోళ్ళు కోసిగి నుంచి సుగ్గికని వలస పోయి, ఊరూరా కూలి చేసి నన్ను చదివించినారు. కూలి కోసం ఎన్ని గడపల బయట నిలబడినారో నాకెరుక. నీ గేటు కాడ నేను నిలబడేది కూలికి గాదు. నీ కోసం. రమ్మంటే వస్తా. మళ్ళా పొమ్మంటే మాత్రం…”
మలుపు వచ్చింది, తిరిగాం.

మే 16
అత్తతో చెప్పాను. మేరీ వస్తుందని.
“రానీ. వరండాలో కూసోబెట్టు.”
“మిషను వరండాలో లేదు గదత్తా.”
“అది మగ్గం ఉండే గది. దీపం పెట్టే చోటు.”
“నేను బూట్లతో ఎక్కుతాండాను గదా.”
“నువ్వు ఇంటిదానివి.”
ఆయన నేస్తూనే ఉన్నాడు. ఒక్క పోగు తెగలేదు.

మే 18
“మిషన్ని వరండాలోకి మారుద్దాం. ఎవురికీ ఇబ్బంది ఉండదు” — ఆయన. దారి కనిపెట్టినట్టు సంతోషం.
వద్దన్నాను. ఆడనే ఉండనీ.

మే 29
పది దినాలుగా మిషను ముట్టలేదు. చీకటితోనే గట్టు మీదికి. మేరీకి తెలిసి తిట్టింది. “దాని మీద అలిగేదెందుకు? అదేం చేసింది పాపం? పరుగు దగ్గరికొస్తాంది. వారానికి రెండు దినాలు ఎక్కు.”
ఎక్కాను. ఆయన మగ్గం మీదనుంచి ఒకసారి చూసి, లేచి, ఫ్యాను ఇటు తిప్పాడు.

జూన్ 7
మేరీ వచ్చింది.
గేటు నేనే తీశాను. “రా.” బూట్లు విప్పబోయింది. వద్దన్నాను. విప్పి చేత్తో పట్టుకుంది. వరండా దాటింది. మగ్గం గది గడప దగ్గర అత్త రాట్నం ముందు పెట్టుకుని నూలు కండెలు చుడుతోంది. రోజూ చుట్టే చోటు కాదది.
మగ్గం ఆగింది. రాట్నం ఆగలేదు.
“పెద్దమ్మా, కొంచెం జరుగుతావా?” అంది మేరీ. బడిలో పిల్లలతో మాట్లాడే గొంతే.
అత్త తలెత్తలేదు. కానీ రాట్నం పక్కకు లాక్కుంది. కాళ్ళు ముడుచుకుంది.
మేరీ లోపలికి వచ్చి బూట్లు తొడుక్కుని ఎక్కింది. నాకంటే ఎక్కువ వేగం. జడ ఊగుతోంది. దిగాక చెమట తుడుచుకుంటూ నేసిన చీర వైపు చూసి — “అంచు బాగుందన్నా.” ఆయన ఏదో అన్నాడు, వినబడలేదు. ఆయనకు ఆ మాట నచ్చినట్టే ఉంది.
నీళ్ళు నేనే తెచ్చాను. మా గ్లాసులో.

జూన్ 8
బజారుకు పోయి వచ్చేసరికి మగ్గం గది తడిగా ఉంది. పసుపునీళ్ళ వాసన. బండల మీద, గడప మీద, మిషను మీద. పట్టా అంచుల్లోంచి ఇంకా కారుతోంది.
మీట నొక్కాను. వెలగలేదు.
అత్త పెరట్లో బియ్యం ఏరుతోంది.

జూన్ 9
ఆదోని నుంచి మెకానిక్కు వచ్చాడు. మూత విప్పి చూసి — “నీళ్ళు పోయినాయి సార్ లోపలికి. ఎట్ల పడినాయి?”
ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు. నా వైపు చూశాడు. “తెలీదప్పా” అన్నాడు.
మెకానిక్కు బోర్డు విప్పుకుని పోయాడు. బాగైతే చెప్తాడట.
మధ్యాహ్నం మేరీ మెసేజి — “మిషను మీద పరుగు భలే వచ్చిందక్కా. మీ అత్త పక్కకు జరిగింది చూడు, అది చాలు నాకు. రేపు గూడా రానా?”
ఫోను ఒళ్ళో ఉంది. ఆయన నేస్తున్నాడు. రెండుసార్లు జవాబు రాసి, చెరిపేశాను.