మగ్గం గుంట

బెజవాడ,
జూన్ 1948

ఇళ్లస్థలాల కచేరి పెద్దగుమాస్తా రామకోటేశ్వరరావు గారికి,
నేతపని చేసే పాండురంగయ్య చేతులు జోడించి రాసుకునేది.

మాది చల్లపల్లి. ఇక్కడ బెజవాడ ఊరవతల వెంకటకృష్ణారావు గారు కొత్తగా వేసిన కాలనీలో చిట్టచివరి స్థలం కొనుక్కుని ఒక గది, వసారా వేసుకున్నాం. ఇన్నాళ్లూ అద్దె ఇళ్లలో పడ్డ అవస్థ చెప్పలేనండి. మగ్గం అనగానే, "నా ఇంట్లో నేల తవ్వుతావా?" అని సామాను బయట పెట్టేవారు.

కాలనీ మొదట్లో తమరు పాతించిన బోర్డు చదివించుకున్నాను. వాగు, గుట్ట, కుంట, పెద్దచెట్టు ఇవేవీ చెరపకూడదని, తవ్వకం ఏదైనా కచేరికి చెప్పి చెయ్యాలని ఉంది. చాలా మంచి రూలండి. మా గోడ పక్కనే వాగు పారుతోంది. ఆ తేమకి పడుగు నూలు తెగదు. అది చూసే ఈ స్థలం కొన్నాను. కనుక వసారాలో మగ్గానికి గుంట ఉండాలి, సెలవిప్పించండి.

తమ దయ కోసం ఎదురుచూసే,
పాండురంగయ్య

తా.క.: గుంట మోకాటిలోతే. కాళ్లు పెట్టుకోడానికి. నేను పొట్టివాణ్ణి కూడాను.

*

ఇళ్లస్థలాల కచేరి, గవర్నర్‌పేట
జూలై 1948

పాండురంగయ్య గారికి,

మీ అర్జీ అందినది. మీ స్థలములో గుంట ఉన్నదని మీ అంతట మీరే తెలియజేసినందుకు కచేరి సంతోషించుచున్నది. సాధారణముగా జనం ఇటువంటివి దాచిపెట్టి, ఒక చీకటి పూట పూడ్చివేయుదురు. సదరు గుంటను పూడ్చరాదు. గేదెలను దింపరాదు. కాళ్లు పెట్టుకొనుటకు మాత్రము అభ్యంతరము లేదు.

ఇట్లు,
రామకోటేశ్వరరావు, పెద్దగుమాస్తా

తా.క.: చేపలున్నచో ఏ రకమో తెలుపవలెను.

*

బెజవాడ,
ఆగస్టు 1948

రామకోటేశ్వరరావు గారికి పాండురంగయ్య నమస్కారాలు.

అయ్యా, నేను చెప్పింది నీళ్ల గుంట కాదండి. మగ్గం ముందు కూర్చుని కాళ్లు లోపలికి దించి పలకలు తొక్కే గుంట. కాళ్లకి అభ్యంతరం లేదన్నారు గనక తవ్వేశాను. సొంత నేల మీద నేసిన మొదటి చీర మగ్గం నుంచి కోసినరోజు నా భార్య భద్రమ్మ వీధిలో అందరికీ బెల్లం పంచింది.

ఆ వెనకే ఆపద వచ్చింది. కృష్ణారావు గారి బళ్లు ఎర్రమట్టి తెచ్చి వాగులో పోస్తున్నాయి. నేను అడ్డంపడితే మేస్త్రీ, "కచేరికి చెప్పుకో" అన్నాడు. చెప్పుకుంటున్నాను. వానలు పట్టగానే, వాగులో పోవాల్సిన నీళ్లన్నీ మా వసారాలోకొచ్చి గుంటలో నిలిచాయి. కంట్రోలు డిపో చుట్టూ కాళ్లరిగేలా తిరిగి తెచ్చుకున్న నూలు పడుగుతో సహా నానిపోయింది. ఎంత తోడినా మళ్లీ నిండుతోంది. ఒక్కసారి వచ్చి ఆ వాగు చూడండి.

తమ మేలు మరువని,
పాండురంగయ్య

తా.క.: చేపలడిగారు. ఇదివరకు లేవు. వాగు పూడ్చాక మగ్గం కింద ఒక కొర్రమీను చేరింది. పులుసు పెట్టనా, చేపలడిగిన గుమాస్తా గారికే పంపనా అని భద్రమ్మ అడుగుతోంది.

*

ఇళ్లస్థలాల కచేరి
సెప్టెంబరు 1948

పాండురంగయ్య గారికి,

మా ఓవర్సీయరు స్వయముగా వచ్చి చూచియున్నారు. మీరు చెప్పిన చోట వాగు లేదు, చదునైన ఎర్రనేల కలదు. మీ వసారాలో మాత్రము నీరు, పాచి, కప్పలు, చేప గల చక్కని కుంట కలదు. ఇది ప్రకృతి సిద్ధమైనదని కచేరి తీర్మానించినది. అందులో మీరు పాతిన కొయ్యలు, పలకలు, తాళ్లు ఆక్రమణ కిందికి వచ్చును. వెంటనే తొలగించవలెను. నీరు తోడుట నేరము.

ఇట్లు,
రామకోటేశ్వరరావు

తా.క.: కొర్రమీను ప్రస్తుతము కచేరి రక్షణలో ఉన్నది. పులుసు ఆలోచన మానవలెను.

*

గవర్నర్‌పేట,
డిసెంబరు 1948

రామకోటేశ్వరరావు గారికి,

మీ ఓవర్సీయరు గారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించానండి.

"ఇదేనండీ వాగు."

"నీళ్లేవయ్యా?"

"మా ఇంట్లో ఉన్నాయండీ."

"అయితే వాగు పోలేదన్నమాట. సంతోషం," అని గొడుగు వేసుకుని వెళ్లిపోయారు.

మీ ఆర్డరు పట్టుకుని బంట్రోతులొచ్చి మగ్గం పీకి బయట పడేశారు. అప్పటికే కొయ్య ఉబ్బి పగిలింది. ఇంక అతకదన్నాడు వడ్రంగి. మా నాన్న నేసిన మగ్గమది. భద్రమ్మ పొయ్యిలో పెట్టనివ్వలేదు, తాను చల్లపల్లి వెళ్లేటప్పుడు ఆ పలకలు మాత్రం మూటలో కట్టుకుపోయింది. అక్కడ అన్నగారింట్లో నూలు కండెలు చుట్టి పెడుతోంది. నేను ఇక్కడ ఒక బట్టల కొట్లో బేళ్లు మోస్తున్నాను.

నాకు కోపం కూడా రావట్లేదండి. కాసేపు కూర్చుంటే కాళ్లు వాటంతట అవే తొక్కుతున్నాయి, కింద ఏమీ లేకపోయినా. అది చూసి కొట్లో వాళ్లు నవ్వుతున్నారు.

ఒక్కటే అడుగుతున్నాను. ఆ వాగులో మట్టి తీయించండి. మా గుంట దానంతట అదే ఆరిపోతుంది. మగ్గం సంగతి నేను చూసుకుంటాను.

ఇంకెవరికి రాయాలో తెలియని,
పాండురంగయ్య

తా.క.: ఇది మిల్లుబట్టల కొట్టు. నేను అలవాటుకొద్దీ నేతలో తప్పులు చూపిస్తుంటే బేరాలు పోతున్నాయని షావుకారు తిడుతున్నాడు.

*

ఇళ్లస్థలాల కచేరి
ఫిబ్రవరి 1949

పాండురంగయ్య గారికి,

మీ ఉత్తరముపై కచేరి సానుభూతితో ఆలోచించినది. నిబంధన ప్రకారము ప్రతి కాలనీలోను ఒక నీటివనరును చెక్కుచెదరకుండ కాపాడవలెను. వెంకటకృష్ణారావు గారు మీ గుంటను కాపాడి చూపినందున, వాగు పూడ్చుకొనుటకు వారికి అనుమతి ఇచ్చియున్నాము. ఇప్పుడు మట్టి తీసినచో కాలనీలో నీటివనరులు రెండగును. అది మంజూరైన ప్లానుకు విరుద్ధము.

మీ గుంట చుట్టూ కంచె వేయించబడును. కంచె లోపలికి వచ్చుచున్న మీ గది, వసారా తొలగించబడును. ప్రకృతి రక్షణలో మీరు చూపిన సహకారమును కచేరి మెచ్చుకొనుచున్నది.

ఇట్లు,
రామకోటేశ్వరరావు

తా.క.: ఇది కచేరి మాట కాదు, సొంతమాట. ఆ ఎర్రమట్టి మీద స్థలాలు కృష్ణారావు గారు మా ఉద్యోగులకు చవగ్గా ఇచ్చారు. వైశాఖంలో మా గృహప్రవేశం. మా ఆవిడకు మిల్లు చీరలు నచ్చవు, మీ చేతి నేత చీరే కావాలంటోంది. కాస్త తొందరగా నేసిపెట్టండి.