పేరు నువ్వే చెప్పు వదినా

పోలమ్మ వదినకు,

ఫోనులో మాట పూర్తికాకముందే దగ్గు ముంచుకొస్తోంది. అందుకే నేను చెబుతుంటే పక్కింటి షారన్ రాస్తోంది. మనవరాలు పుట్టిందని అలిగి నేను ఉయ్యాల పండక్కి రావడం లేదని మీ వీధిలో అంటున్నారంట. అన్నవాళ్ళ నోట్లో ఎండుచేప కుక్కు!

నాకొచ్చింది కోరింత దగ్గంట. "అది పసిబిడ్డల జబ్బు గదా, నాకెట్టొచ్చింది?" అని డాక్టరమ్మతో పోట్లాడినాను. "చిన్నప్పుడు వేసిన టీకా బలమే వయసొచ్చేసరికి తగ్గిపోతుంది, నువ్వు అదీ వేయించుకోలేదు" అన్నది. నాకైతే వాంతయ్యేదాకా దగ్గు, అంతే. బిడ్డకు నెలన్నర నిండితేగానీ మొదటి టీకా వేయరు. అంత పసివాళ్ళకు ఇది అంటుకుంటే ఒక్కోసారి దగ్గు కూడా రాదంట, ఊపిరే ఆగిపోతుందంట.

మన ఇళ్ళల్లో బిడ్డ చెవికి నోరు ఆనించి పేరు చెప్పేది నాయనమ్మే. ఆ హక్కు నేను ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు. ఈసారి నువ్వే చెప్పు వదినా.

ఇంకో మాట. నా కొడుకు సుధాకర్ మీ ఇంటికి బయలుదేరుతున్నాడు. వాడికీ దగ్గు మొదలైంది. "చేపల వేటలో చలిగాలి తగిలిందిలేమ్మా" అంటాడుగానీ డాక్టరమ్మ దగ్గరికి రాడు. అల్లుడని మొహమాటపడి గడప దాటనిచ్చావో, నీకూ నాకూ వియ్యం చెల్లు! అరుగు మీదే అన్నం పెట్టి, బిడ్డను దూరంనుంచి చూపించి పంపు.

టీకా వేయించిన రోజు మాత్రం ఫోను చెయ్యి. సూదికి నా మనవరాలు ఎంత గట్టిగా ఏడుస్తుందో వినిపించు. నేనేమీ మాట్లాడను, వింటాను.

నీ వదిన