సునీత నిశ్చితార్థానికి రొయ్యల టోస్టులు

శనివారం, బ్రూక్షాబాద్

చెల్లి సునీత నిశ్చితార్థం బాగా జరిగింది. పాస్టరుగారి ప్రార్థన ముగిసేసరికి రొయ్యల టోస్టులు ఓవెన్‌లోంచి వేడివేడిగా తీశాను. అందరూ మెచ్చుకున్నారు. సునీత మాత్రం ఒకటి తిని వంటింట్లోకి వచ్చింది.

"అక్కా, అమ్మ చేసినవి బిల్కుల్ ఇలాగే ఉండేవా?"

అమ్మ పోయేనాటికి దానికి ఇంకా మాటలు రాలేదు. నేను అవునన్నాను. వెనకే నిలబడ్డ నాన్న మెల్లగా, "కాదమ్మా. మీ అమ్మవి అడుగు మాడేవి," అన్నారు.

నిజమే. అప్పట్లో మేమున్న దీవి ఊరు మాయాబందర్‌లో మాకు ఓవెన్ లేదు. ఓడలో చీజ్ డబ్బా వచ్చిందంటే అమ్మ రొయ్యల్ని ఉల్లిపాయ, మిరియాలతో వేయించి, బ్రెడ్డు మీద పరిచి, పైన చీజ్ తురిమి, పెనం మీద పెట్టి మూత వేసేది. చీజ్ కరిగేలోపు అడుగు మాడేది. ఆ వాసన నేనెలా మరిచిపోయాను? ఇంకా ఏమేం మరిచిపోతున్నానో...

మిగిలిన రొయ్యలతో ఇంకొకటి పెనం మీద చేసి, మాడేదాకా దించలేదు. సునీత కొరికి ముఖం చిట్లించింది. "చేదుగా ఉందక్కా," అంది.

అయినా నాన్న పక్కన కూర్చుని, ముక్క వదలకుండా తింది.