బావ తెచ్చిన ఆంప్లిఫయర్

కోడూరు, సోమవారం

తమ్ముడు కృపావరానికి, దేవుని దయవల్ల క్షేమం.

మీ బావ ఇంట్లో హోం థియేటర్‌కి ఫంక్షన్లలో వాడే పెద్ద ఆంప్లిఫయర్ తగిలించారు. ఆ మోతలో ఫోను వినపడదు, అందుకే ఈ కార్డు. "సినిమా హాల్లా ఉండాలే" అంటారు. రోజూ సౌండు పెంచుతుంటే నాకు అనుమానమొచ్చింది. నిన్న అది కట్టేసి ఉన్నప్పుడు వెనక నిలబడి, "ఏవండీ, అన్నం పెట్టనా?" అని మూడుసార్లు అడిగాను. తల తిప్పలేదు. భుజం తడితే ఉలిక్కిపడ్డారు.

"ఏడాదిగా సరిగా వినపడట్లేదు. ఎవరికీ చెప్పకు" అన్నారు. ముప్పయ్యేళ్ళు రైసు మిల్లు మోతలో పనిచేశారు కదా.

శనివారం వచ్చి ఆయన్ని బందరులో చెవుల డాక్టరుకి చూపించు. మరదలు వినీలకి జ్వరం తగ్గిందా? పిల్లలకి దీవెనలు. నేను రాశానని బావతో అనకు. ఆయన ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా మాట్లాడు.

అక్క సువార్తమ్మ